నా నడుముకి రెండు ఫ్యూజన్లు: మొదటిది చిన్న కోతలతో, రెండోది ఓపెన్‌గా

నాకు నడుముకి ఫ్యూజన్ ఆపరేషన్, అంటే వెన్నుపూసల్ని ఒకదానికొకటి అతికించేసే ఆపరేషన్, రెండుసార్లు అయింది. మొదటిది 54 ఏళ్ళప్పుడు, చిన్న కోతలు పెట్టి గొట్టంలోంచి చేసే మినిమల్లీ ఇన్వేసివ్ పద్ధతిలో. రెండోది 60 నిండాక, నడుం మధ్యలో నిలువుగా కోసి ఓపెన్‌గా. రెండూ చేసింది ఒకే సర్జన్ గారు. తెలిసినవాళ్ళలో ఎవరికి నడుం ఆపరేషన్ అన్నా నాకు ఫోన్ చేసి "ఏది చేయించుకోమంటారు, చిన్న కోతదా పెద్ద కోతదా" అని అడుగుతూ ఉంటారు, ప్రతిసారీ అరగంట మాట్లాడినా సగం మిగిలిపోతోంది, అందుకే మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఒక్క బిగిని రాయలేదు, 40 నిమిషాలకోసారి లేచి నాలుగడుగులు వేసి వచ్చి మళ్ళీ కూర్చుంటూ రాశాను.

నాది నిలబడి చేసే ఉద్యోగం, క్లాసులో పాఠం చెప్పడం. ఎడమ పిర్ర దగ్గర మొదలై తొడ పక్కనుంచి పిక్క మీదుగా పాదం పైభాగం దాకా ఒకటే లాగుడు, బొటనవేలి దగ్గర తిమ్మిరి. కూర్చుంటే ప్రాణం లేచొచ్చినట్టుండేది, నిలబడితే మళ్ళీ మొదలు. నడక అయిదు నిమిషాలు మించితే కాళ్ళు రెండూ బరువెక్కిపోయి ఎక్కడో ఒకచోట కూలబడాల్సిందే. విచిత్రం ఏంటంటే ముందుకి వంగి ట్రాలీ తోసుకుంటూ వెళ్తే మాత్రం ఎంతసేపైనా నడవగలిగేదాన్ని. వంగినప్పుడు నరాలు వెళ్ళే కాలువ కాస్త వెడల్పవుతుంది, నిటారుగా నిలబడితే ఇరుకవుతుంది, అందుకే అలా ఉంటుందని తర్వాత డాక్టర్ గారు చెబితే తెలిసింది.

ఎంఆర్ఐలో ఎల్4 పూస (నడుములో నాలుగోది) దాని కిందున్న ఎల్5 మీద నుంచి ముందుకి జారినట్టు కనబడింది. స్పాండిలోలిస్థెసిస్ అంటారు. పూస వెడల్పులో నాలుగో వంతు లోపు జారితే గ్రేడ్ 1, సగం దాకా జారితే గ్రేడ్ 2, నాది గ్రేడ్ 1. అయితే ఎంఆర్ఐ పడుకోబెట్టి తీస్తారు కదా, పడుకున్నప్పుడు పూస కొంచెం వెనక్కి సర్దుకుంటుంది, అందుకని నిలబెట్టి ఒకసారి ముందుకి వంగమని, ఒకసారి వెనక్కి వాలమని ఎక్స్‌రేలు తీశారు. ఆ రెండు ఫిల్ములూ లైటు మీద పక్కపక్కన పెట్టి డాక్టర్ గారు స్కేలుతో కొలిచి చూపించారు, వంగినప్పుడు పూస ఇంకాస్త ముందుకొస్తోంది, వాలినప్పుడు వెనక్కి పోతోంది. ఆ కదలిక కళ్ళారా చూశాకే నాకు నొప్పి ఎందుకొస్తోందో బుర్రకెక్కింది. మీకు ఆపరేషన్ అని ఎవరైనా చెబితే ఈ వంగిన ఎక్స్‌రేలు తీశారా లేదా అని ముందు అడగండి.

వెంటనే ఆపరేషన్‌కి వెళ్ళలేదు. ఆరు నెలలు ఫిజియోథెరపీ, మందులు, మధ్యలో ఒకసారి నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్. ఇంజెక్షన్ ఏడు వారాలు బ్రహ్మాండంగా పనిచేసింది, తర్వాత నొప్పి ఎప్పటిలాగే తిరిగొచ్చింది. ఈ ఆరు నెలల్లో డాక్టర్ గారు ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించారు. తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం రావడం ఆగిపోయినా లేక తెలియకుండా పోతున్నా, పాదం ఉన్నట్టుండి ఎత్తలేకపోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ గంటలోనే ఎమర్జెన్సీకి వచ్చేయమన్నారు. అక్కడ ఏ పద్ధతి అని ఎంచుకునే టైమ్ ఉండదు, నరాల మీద ఒత్తిడి ఎంత త్వరగా తీస్తే అంత మంచిది.

ఆపరేషన్ తప్పదన్నాక మా అమ్మాయి కూర్చుని స్టడీలు చదవడం మొదలుపెట్టింది. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒకే సంచికలో రెండు స్టడీలు వచ్చాయి, రెండూ ఈ విషయం మీదే. అమెరికాలో చేసిన దాంట్లో గ్రేడ్ 1 జారుడు ఉన్నవాళ్ళకి నరం మీద ఒత్తిడి తీసేయడంతో పాటు ఫ్యూజన్ కూడా చేస్తే కాస్త మెరుగ్గా ఉన్నారని తేలింది, స్వీడన్‌లో చేసిన దాంట్లో ఫ్యూజన్ వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. తర్వాత 2021లో నార్వే వాళ్ళ స్టడీ వచ్చింది, వాళ్ళు కూడా చాలామందికి ఒత్తిడి తీయడం ఒక్కటే సరిపోతుందనే అన్నారు. నార్వేది నా ఆపరేషన్ అయిపోయాక వచ్చింది, మొదటి రెండూ మాత్రం అప్పటికే ఉన్నాయి. మా అమ్మాయి అవి పట్టుకుని సూటిగా అడిగేసింది, "మా అమ్మకి అసలు ఫ్యూజన్ అవసరమా డాక్టర్ గారూ" అని. ఆయన ఏమాత్రం చిరాకు పడలేదు. "మంచి ప్రశ్నమ్మా, కదలిక లేకుండా ఉంటే నేనూ ఒత్తిడి తీసి వదిలేసేవాణ్ణి, అమ్మగారికి పూస కదులుతోంది, కాలు నొప్పితో సమానంగా నడుం నొప్పి కూడా ఉంది, ఉత్తగా ఎముక తీసేస్తే జారుడు పెరిగే ప్రమాదం ఉంది" అని వివరంగా చెప్పారు. చిన్న కోతా పెద్ద కోతా అనే మాట దీని తర్వాతే రావాలి. అసలు ఫ్యూజన్ కావాలా వద్దా తేలకుండా కోత గురించి మాట్లాడుకోవడం దండగ, చాలామంది అక్కడే పొరపాటు చేస్తున్నారని నా బాధ.

సెకండ్ ఒపీనియన్‌కి ఇంకో సర్జన్ గారి దగ్గరికి వెళ్ళాం. ఆయన కూడా ఫ్యూజనే అన్నారు కానీ ఓపెన్‌గా చేస్తానన్నారు. మొదటాయన మినిమల్లీ ఇన్వేసివ్ అన్నారు. ఇంట్లో రెండు వారాలు దీని మీదే చర్చ. మా ఆయన ఓపెన్ వైపు, "కళ్ళకి మొత్తం కనబడుతుంటే చేయడం మేలు కదా" అని. అమ్మాయి చిన్న కోత వైపు. నేను ఎటూ తేల్చుకోలేక మొదటి సర్జన్ గారి దగ్గరికే మళ్ళీ వెళ్ళి, ఇంకో డాక్టర్ గారు ఓపెన్ అంటున్నారండీ, తేడా ఏంటో నాకు అర్థమయ్యేలా చెప్పండి అని అడిగాను.

ఆయన టేబుల్ మీద ప్లాస్టిక్ వెన్నుపూసల బొమ్మ, పక్కన ఒక డబ్బాలో స్టీలు గొట్టాలు ఉన్నాయి. నడుం ఎముకకి రెండు పక్కలా తాడులా మల్టిఫిడస్ అనే కండరం ఉంటుంది, ఓపెన్‌లో మధ్యలో కోసి ఆ కండరాన్ని ఎముక నుంచి ఊడదీసి రెండు పక్కలకీ లాగి పట్టి ఉంచుతారు, అలా గంటల తరబడి లాగి ఉంచితే కండరానికి రక్తం సరిగ్గా అందదు, దానికి వెళ్ళే సన్న నరాలు కూడా దెబ్బతినొచ్చు. రెండో పద్ధతిలో మధ్యగీత నుంచి మూడు నాలుగు సెంటీమీటర్లు పక్కకి జరిగి కోస్తారు, అక్కడ రెండు కండరాల మధ్య సహజంగానే ఒక సందు ఉంది, విల్ట్సే అనే సర్జన్ 1968లోనే ఆ దారి గురించి రాశారట. ఆ సందులోంచి ముందు సన్న కడ్డీ దించి, దాని మీద కొంచెం లావు గొట్టం, దాని మీద ఇంకొంచెం లావుది, అలా ఒకదాని మీద ఒకటి తొడుగుతూ పోయి చివరికి రెండు సెంటీమీటర్ల పైన వెడల్పున్న గొట్టం నిలబెడతారు. గొట్టాలు నా చేతికిచ్చి ఒకదాంట్లో ఒకటి దూర్చి చూడమన్నారు. చివరి గొట్టంలోంచి చూస్తే బొమ్మ మీద అవతల నా బొటనవేలి గోరంత చోటు మాత్రమే కనిపించింది. "మైక్రోస్కోప్ పెట్టుకుని ఈ కాస్త చోట్లోనే పనంతా చేయాలమ్మా" అన్నారు.

ఎముక దగ్గరికి చేరాక చేసే పని మాత్రం రెండింట్లోనూ ఒకటే. కీలు భాగం తీసేస్తారు, నరం మీద ఒత్తిడి పోతుంది, డిస్క్ శుభ్రంగా గీకేసి ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న దిమ్మ పెడతారు, చుట్టూ ఎముక పొడి నింపుతారు, పైన కింద పూసల్లో టైటానియం స్క్రూలు వేసి రాడ్లతో కలుపుతారు. దీన్ని టిలిఫ్ అంటారు. చిన్న కోత పద్ధతిలో స్క్రూలు చర్మం మీద నుంచే సూది, తీగల సాయంతో ఎక్స్‌రేలో చూసుకుంటూ వేస్తారు, అందుకని ఎక్స్‌రే రేడియేషన్ ఓపెన్ కంటే ఎక్కువ పడుతుంది, ముఖ్యంగా రోజూ అదే పనిలో ఉండే డాక్టర్లకి. ఆపరేషన్ టైమ్ కూడా తగ్గుతుందని ఏమీ లేదు, చేయి తిరగని సర్జన్ అయితే ఇంకా ఎక్కువే పడుతుంది. ఇవన్నీ ఆయనే చెప్పారు, మంచి మాత్రమే చెప్పి ఊరుకోలేదు, అందుకే నాకు నమ్మకం కుదిరింది. ఒక్కటే లెవెల్ (అంటే ఒక్క జత పూసల మధ్యే), గ్రేడ్ 1, అంతకు ముందు ఆపరేషన్ లేదు, నొప్పి ముఖ్యంగా ఒక పక్కే, నాలాంటి వాళ్ళకి ఈ పద్ధతి బాగా నప్పుతుందన్నారు. మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, మధ్యలో కుదరకపోతే ఓపెన్‌గా మార్చాల్సి వస్తుందా అని కూడా అడిగాను. మార్చాల్సి రావచ్చు, దానికి కూడా మీ సంతకం తీసుకుంటాం అన్నారు. సరే అన్నాను.

ఆపరేషన్‌కి ముందు ఎముక గట్టిదనం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి, షుగర్ మూడు నెలల సగటు అన్నీ చూశారు. విటమిన్ డి బాగా తక్కువుంటే అది సరిచేసే దాకా ఆపారు. ఎముక మెత్తగా ఉంటే స్క్రూ పట్టు నిలవదు, ఆ విషయంలో చిన్న కోతైనా పెద్ద కోతైనా తేడా లేదు. పొగాకు ఏ రూపంలో ఉన్నా మానేయమని వార్డులో అందరికీ చెప్పేవాళ్ళు, నికోటిన్ ఎముకని అతుక్కోనివ్వదు.

మొదటి ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది. బోర్లా పడుకోబెట్టి చేస్తారు కాబట్టి లేచేసరికి మొహం ఉబ్బిపోయి ఉంది. రక్తం పోయింది వంద మిల్లీలీటర్లు దాటలేదన్నారు. ఆ సాయంత్రమే ఫిజియో అమ్మాయి వచ్చి ఒత్తిగిల్లడం నేర్పించింది, భుజం తొంటి ఒకేసారి కదలాలి, మధ్యలో మెలి పడకూడదు, దుంగ దొర్లినట్టు పక్కకి తిరిగి చేత్తో మంచం మీద ఆనుకుని కాళ్ళు కిందకి వదులుతూ లేవాలి. లేచాను. నిలబడి నాలుగు అడుగులు వేశాను, కాలులో లాగుడు లేదు. ఏడాదిన్నరగా ఆ లాగుడు లేని రోజు లేదు, అది లేకుండా నిలబడితే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఆ అమ్మాయి నొప్పేమో అనుకుని కంగారుపడింది. మూడో రోజు ఇంటికి పంపేశారు.

వారం తిరిగేసరికి ఎడమ పిక్క ముందు భాగంలో ఒకటే మంట మొదలైంది, చీర కుచ్చిళ్ళు తగిలినా ఓర్చుకోలేనంత. ఆపరేషన్ ఫెయిలయిందనే అనుకున్నాను. కేజ్ పెట్టేటప్పుడు నరాన్ని కాస్త పక్కకి జరపాల్సి వస్తుంది, దాని వల్ల కొంతమందికి ఇలా అవుతుందని, తగ్గిపోతుందని చెప్పి నరాల మంటకి మాత్రలు ఇచ్చారు. మూడు వారాలకి తగ్గింది. ఇది ముందే చెప్పి ఉంటే ఆ మూడు వారాలు అంత భయపడి ఉండేదాన్ని కాదు, డాక్టర్ గారితో అదే అన్నాను కూడా.

ఇక నేను చేసిన తప్పు. రెండు పక్కలా మూడేసి సెంటీమీటర్ల కోతలు, రెండు వారాలకే మానిపోయాయి. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుంటే చిన్న గీతలు తప్ప ఏమీ లేదు. నొప్పి కూడా చాలా తగ్గింది. దాంతో నాకు ఆపరేషన్ అయిందన్న ధ్యాసే పోయింది, అయిదో వారంలో ఆన్సర్ షీట్ల కట్ట ఒకటి నేల మీద నుంచి వంగి ఎత్తాను. ఎత్తుతుండగానే నడుంలో కలుక్కుమంది. రెండు రోజులు మంచం దిగలేదు. ఎక్స్‌రే తీస్తే స్క్రూలు, కేజ్ అన్నీ ఉన్నచోటే ఉన్నాయి, కండరం పట్టేసిందన్నారు, బతికిపోయాను. ఆ రోజు సర్జన్ గారు కొంచెం కోపంగానే చెప్పారు. "పైన చర్మం మానింది, లోపల ఎముక ఇంకా మొదలు కూడా పెట్టలేదమ్మా, మూడు నెలలకి పట్టు వస్తుంది, పూర్తిగా గట్టిపడటానికి ఏడాది పడుతుంది, అప్పటిదాకా బరువంతా ఆ నాలుగు స్క్రూల మీదే, ఎముక అతుక్కోకపోతే ఎంత గట్టి స్క్రూ అయినా ఏదో ఒకరోజు వదులవుతుంది, లేదంటే విరుగుతుంది." చిన్న కోత చేయించుకున్న ప్రతి ఒక్కరికీ నేను ఈ ఒక్క మాట నొక్కి చెబుతాను. చర్మం మీద కోత ఎంతుందో చూసి లోపల సంగతి అంచనా వేయకండి. ఎముక అతుక్కోవడానికి పట్టే కాలం కోత సైజుని బట్టి మారదు. వంగడం, బరువులెత్తడం, నడుం మెలితిప్పడం, ఈ మూడూ ఓపెన్ చేయించుకున్నవాళ్ళు ఎన్నాళ్ళు మానేస్తారో మీరూ అన్నాళ్ళు మానేయాల్సిందే.

ఏడాదికి సీటీలో ఎముక చక్కగా అతుక్కున్నట్టు వచ్చింది. తర్వాత నాలుగేళ్ళు హాయిగా గడిచాయి. మళ్ళీ క్లాసులో నిలబడి పాఠాలు చెప్పాను, రోజూ నడిచేదాన్ని.

అయిదో ఏడు దాటాక ఈసారి రెండు తొడల ముందు వైపూ నొప్పి, మెట్లెక్కితే మోకాళ్ళు వదిలేస్తున్నట్టు ఉండేది. కింద లెవెల్ బిగిసిపోయింది కాబట్టి అక్కడ ఉండాల్సిన కదలికంతా పై లెవెల్ మీద పడుతుంది, ఎల్3-ఎల్4 దగ్గర డిస్క్ అరిగి, పూస కాస్త జారి, కాలువ రెండు పక్కలా బాగా ఇరుకయిపోయింది. పక్క లెవెల్ దెబ్బతినడం అంటారు దీన్ని. చిన్న కోత వల్లే ఇలా అయిందా అని అడిగాను, ఓపెన్ చేయించుకున్నవాళ్ళకి కూడా వస్తుంది, వయసుతో వచ్చే అరుగుదల కొంత, ఫ్యూజన్ కొంత, ఇందులో ఎవరి వాటా ఎంతో విడదీసి చెప్పలేమన్నారు.

ఈసారి ఆయనే ఓపెన్ అన్నారు. నేను నమ్మలేకపోయాను, మొదటిసారి అంత సుఖంగా అయింది కదా, మళ్ళీ అదే చేయండి అని బతిమాలాను. ఆయన ఓపిగ్గా చెప్పుకొచ్చారు. కాలువ రెండు పక్కలా గట్టిగా మూసుకుపోయింది, వెనక ఎముక పెద్దగా తీయాలి. పాత రాడ్లు తీసి, పాత స్క్రూల పట్టు చూసి, కొత్త స్క్రూలతో కలిపి పొడుగు రాడ్ వేయాలి. పాత ఆపరేషన్ మచ్చ నరాల పొర మీద అతుక్కుని ఉంటుంది, గొట్టంలోంచి చూస్తూ దాన్ని విడదీయడం నాకు ఇష్టం లేదన్నారు. నడుం వంపు కూడా తగ్గింది, కొంత సరిచేయాలి. ఇలాంటివి కూడా గొట్టంలోంచి చేసే సర్జన్లు ఉన్నారు, కావాలంటే ఒకరి దగ్గరికి పంపిస్తాను, నా చేతుల్లో మాత్రం మీకు ఓపెనే క్షేమం అని తేల్చి చెప్పారు. ఆ మాట నాకు నచ్చింది. తన చేతికి ఏది బాగా వస్తుందో దాచకుండా చెప్పే సర్జన్ దొరకడం అదృష్టం. చిన్న కోతల నిపుణుడు కదా అని మనం వెళ్ళి పట్టుబడితే ఆయన మొహమాటానికి ఒప్పుకోలేదు చూడండి, అదీ గొప్ప.

రెండో ఆపరేషన్ అయిదు గంటలు దాటింది. నడుం మధ్యలో దాదాపు 14 సెంటీమీటర్ల కోత. రక్తం ఆరువందల మిల్లీలీటర్ల దాకా పోయిందట, కొంత అక్కడికక్కడే మెషీన్‌లో శుద్ధి చేసి మళ్ళీ నాకే ఎక్కించారు. భయపడినట్టే పాత మచ్చ దగ్గర నరాల పొర కొద్దిగా చిరిగింది, రెండోసారి ఆపరేషన్లలో ఇది మామూలుగా జరిగేదేనని ముందే చెప్పి ఉన్నారు. ఓపెన్‌గా ఉంది కాబట్టి నేరుగా కుట్టేసి పైన జిగురు కూడా వేశారు. అదే గొట్టంలో అయితే కుట్టు వేయడమే కష్టం, కాకపోతే ఆ పద్ధతిలో లోపల ఖాళీ తక్కువ ఉంటుంది కాబట్టి నరాల చుట్టూ ఉండే నీరు బయటికి కారే అవకాశం కూడా తక్కువేనట. కుట్టేశారు కానీ నన్ను రోజంతా వెల్లకిలా పడుకోబెట్టేశారు. తల ఎత్తితే తలనొప్పి, పక్కనుంచి డ్రెయిన్ గొట్టం, మూత్రం గొట్టం, కాళ్ళకి రక్తం గడ్డకట్టకుండా బిగుతు మేజోళ్ళు. పైకప్పు మీద ఉన్న పలకలు లెక్కపెట్టుకుంటూ పడుకున్నాను, 48 ఉన్నాయి. మూడో రోజు లేపి నిలబెట్టారు. మొదటిసారి వేసిన నాలుగు అడుగులు ఈసారి వేయడానికి వాకర్ పట్టుకుని పది నిమిషాలు పట్టింది. ఆరో రోజు ఇంటికి వచ్చాను.

నొప్పిలో తేడా గురించి అందరూ అడుగుతారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మొదటిసారి నొప్పి ఒక చోట గుచ్చినట్టు, కోత దగ్గరే ఉండేది. రెండోసారి నడుం మొత్తం రోకలితో దంచినట్టు, వెడల్పుగా, లోతుగా. మొదటి పది రోజులు పక్కకి ఒత్తిగిల్లాలంటే ముందు మనసులో సిద్ధపడి, ఊపిరి బిగబట్టి, మా ఆయన చేయి పట్టుకుని తిరగాల్సి వచ్చేది. గట్టి నొప్పి మాత్రలు మొదటిసారి అయిదు రోజులు వాడితే ఈసారి మూడు వారాలు వాడాను, ఆ మాత్రలతో మలబద్ధకం వచ్చి అది ఇంకో నరకం, దానికి మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. నిటారుగా నిలబడితే కండరం వణికేది, ఆ వణుకు మొదటి ఆపరేషన్ అప్పుడు అసలు లేదు. రెండు నెలల పాటు సాయంత్రం అయ్యేసరికి ఎవరో నడుం మీద బరువు పెట్టినట్టుండేది.

అయితే మూడు నెలలు దాటాక తేడా కరగడం మొదలైంది. ఆరు నెలలకి నా పాత డైరీ తీసి చూసుకున్నాను, మొదటి ఆపరేషన్ తర్వాత ఆరో నెలలో ఎంత నడిచానో రాసి పెట్టుకున్నాను అందులో, 35 నిమిషాలు. ఇప్పుడు 30. రెండు లెవెళ్ళు, పైగా ఆరేళ్ళు వయసు పైబడింది, అయినా తేడా అయిదు నిమిషాలే. మా అమ్మాయి చదివిన స్టడీల్లో కూడా ఇదే ఉందట, చిన్న కోతతో రక్తం తక్కువ పోతుంది, ఆసుపత్రిలో ఒకటి రెండు రోజులు తగ్గుతాయి, మొదటి వారాల నొప్పి తక్కువ, ఇన్‌ఫెక్షన్ కూడా కొంత తక్కువ, కానీ ఏడాది రెండేళ్ళయ్యాక నొప్పి, నడక, ఎముక అతుక్కోవడం చూస్తే రెండు పద్ధతులకీ దాదాపు సమానం. అది నా విషయంలో నిజమే అయింది. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, నా రెండు ఆపరేషన్లూ ఒకేలాంటివి కావు, మొదటిది తేలిక కేసు, రెండోది కష్టమైంది, కాబట్టి రెండోసారి పడ్డ బాధంతా ఓపెన్ పద్ధతి ఖాతాలో వేసేస్తే అన్యాయం.

ఓపెన్‌లో నాకు కలిసొచ్చింది కూడా ఉంది. లోపలంతా కనబడింది కాబట్టి పాత లెవెల్‌ని చేత్తో కదిపి చూశారట, రాయిలా అతుక్కుని ఉందని సర్జన్ గారు సంతోషంగా చెప్పారు. తీసిన ఎముకే చాలా దొరికింది కాబట్టి బయటి నుంచి వేరే ఎముక పెట్టాల్సిన పని లేకపోయింది, మధ్యలో కేజ్ చుట్టూనే కాకుండా రెండు పక్కలా కూడా పరిచారు. నడుం వంపు సరిచేసినందుకేమో ఇప్పుడు నిలబడితే ముందుకి తూలినట్టు ఉండటం లేదు, అది రెండో ఆపరేషన్‌కి ముందు రెండేళ్ళ నుంచీ ఉండేది.

ఇప్పటికి 11 నెలలు. పొద్దున్నే లేవగానే ఓ పావుగంట నడుం బిగుసుకుపోయి ఉంటుంది, వేడినీళ్ళ స్నానం చేస్తే వదులుతుంది. కింద పడినవి వంగి తీయను, ఒక మోకాలు వంచి కూర్చుని తీస్తాను. కాలి గోళ్ళు మా అమ్మాయే తీస్తుంది. తొడల నొప్పి పూర్తిగా పోయింది, మెట్లు ధైర్యంగా ఎక్కుతున్నాను, వరసగా రెండు పీరియడ్లు నిలబడి చెప్పగలుగుతున్నాను, మూడోది కుర్చీలో కూర్చుని.

మొన్న మా అమ్మాయి నా వీపు ఫోటో తీసి చూపించింది. మధ్యలో పొడుగ్గా ఇంకా ఎర్రగా ఉన్న గీత, దానికి అటూ ఇటూ తెల్లగా మాసిపోయిన రెండు చిన్న గీతలు. పక్కవి రెండూ వెతికితే గానీ కనబడటం లేదు, వాటి కిందున్న ఎముకే రాయిలా అతుక్కున్నది. ఎర్ర గీత కింద సంగతి ఇంకా తేలలేదు, వచ్చే నెల 14న సీటీ తీస్తారు. అప్పటిదాకా ఆన్సర్ షీట్ల కట్టలు మా ఆయనే మోస్తున్నారు.